నాలుగంకెలు

సిలిండరు గడప బయటే ఉంది.
పెన్నోబులేసు భుజం తుడుచుకుంటా
"నంబరు చెప్పక్కా" అంటాడు.
నా తావ లేదు నాయనా,
అది మెక్సికోలో ఉంది.

ఉరవకొండ దిక్కు గాలిమరలు బిగించే కంపెనీ
ఆయమ్మను అనంతపురం పంపింది. పేరు ఇత్సెల్.
మా పాతూరు మిద్దె మీద రెండు గదులు, బాడుగ ఆరు వేలు,
నీళ్లు మూడు దినాలకొకసారి, తెల్లారుజాము నాలుక్కు.
అన్నీ చెప్పినా. అన్నిటికీ తలూపింది.
మొదటి వారం నిద్రపోయింది.
రెండో వారం నా బిందెల నీళ్లు పోసుకుంది.
మూడో వారం నేను లేచి చూస్తే
చీకట్లో కొళాయి ముందర కూచోని
పైపులో బుసకొట్టే గాలి వింటాండె.

ఆధార్ లేందే గ్యాసియ్యరు.
ఏజెన్సీ పిల్లోడు పాస్‌పోర్టు అటు తిప్పి ఇటు తిప్పి
"రెండు ఇంటిపేర్లున్నాయే, ఏది మొగునిది?" అనె.
ఒకటి నాయనది, ఒకటి అమ్మది, అని చెప్పింది.
అమ్మ ఇంటిపేరుకు ఫారంలో గడి లేదు.
పాపం, చాలాసేపు వెతికినాడు.
నాకెందుకో ఆ పొద్దు
మా అమ్మ పుట్టింటిపేరు ఎవరికన్నా చెప్పల్లనిపించె.
కడాకు కనెక్షను నా పేరున,
నా ఫోను రిపేర్లో ఉండె, నంబరు ఆయమ్మది.

పోలీసాఫీసుకు నాలుగు తూర్లు.
ఫోటో వెనక తెల్లగుండల్ల అన్నారు, తెల్లగా తీయించినాము.
బాడుగ పత్రంలో నా సంతకం వంకరగుంది అన్నారు.
నా సంతకం పుట్టినప్పటినుంచీ వంకరే.
"సారు ఇప్పుడే వస్తాడు, కూచోండి."
నాకు ఒళ్లు మండె.
ఆయమ్మ సంచిలోంచి అల్లిక తీసె.
వాళ్ల తావ ఒక మాట ఉందంట: అవొరీత.
ఇప్పుడే అని అర్థం.
ఆ ఇప్పుడే ఐదు నిమిషాలు కావచ్చు, పొద్దుగూకడం కావచ్చు,
అసలు రాకనే పోవచ్చు.
"అమ్మ అంటే నమ్మల్ల, ప్లంబరు అంటే నమ్మగూడదు" అనె.
బెంచీ అదిరేటట్టు నవ్వినా.
సారు రాలేదు.

ఒకనాడు ఆకుల అంగడి ఖాజామొద్దీన్
నా బొరుగుల అంగడికే వచ్చినాడు.
"మీ మిద్దె మీదామె అరకిలో సున్నం అడిగింది,
బాగుందా ఆమెకు?"
మక్కలు సున్నపు నీళ్లలో ఉడకేసి, రుబ్బి, రొట్టె చెయ్యల్లంట.
చేసింది. మొదటివి నాలుగు చీలిపోయె.
ఐదోది నాకిచ్చె.
తొలివాన పడిన నేల వాసన దానికి.
జొన్నరొట్టె తట్టే చెయ్యి నాది, తప్పులు పట్టబోయి
రెండోది అడిగినా.

ఒక్కతూరే ఏడ్చింది.
వాళ్లమ్మ పంపిన పార్సిలు రెండు నెలలు మద్రాసులో ఆగి
నలిగి, చిరిగి, వచ్చె. విప్పితే ఎండుమిరపకాయలు.
ఎండుమిరపకాయలా! మా సీమకా!
నవ్వబోయి, మొగం చూసి, ఊరకుండిపోయినా.
నల్లగా, ముడతలు పడి, ఎండుద్రాక్ష వాసన.
మా కాయ అది కాదు. నిజమే.

ఆయమ్మ పోయి ఏడాదయ్యె.
ఇక్కడ పొద్దున పది, అక్కడ ఇంకా నిన్న రాత్రే.
మూడో రింగుకు ఎత్తుతుంది, నిద్ర గొంతు:
"వన్నూరమ్మక్కా, సిలిండరా?"
ఆ పాత సిమ్ముకు ఇంకా డబ్బులు కడతానే ఉంది పిచ్చిది.
సున్నా, ఏదు, ఏదు, నాలుగు.
ఏడు పలకను ఇప్పటికీ నాలిక మడవదు.

"నంబరు మార్పించుకోరాదా అక్కా,
రెండు నిమిషాల పని" అంటాడు పెన్నోబులేసు
ఖాళీ సిలిండరు దొర్లించుకుంటా.

ఇప్పుడే మార్పిస్తా లేరా, అన్నా.
పోయిన సిలిండరుకూ ఇదే అన్నా.